పాత ఆంప్లిఫయర్‌తో కుస్తీ పడుతున్న అబ్బాయికి ఏ దారి మేలు?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవుల్లో వాళ్ల తాతగారి పాత స్టీరియో పవర్ ఆంప్లిఫయర్‌ను అటక మీద నుంచి దించాడు; అప్పటి నుంచి ఖాళీ దొరికితే దాని ముందే కూర్చుంటున్నాడు. రెండుసార్లు ఫ్యూజు పోయింది. ఇప్పుడు మధ్యలో ఒక బల్బు కలిపి ఏదో పరీక్షిస్తున్నాడు. షాక్ కొడుతుందేమోనని నాకు భయం, చివరికి రిపేరు షాపులో తేలుతాడేమోనని వాళ్ల నాన్నకు దిగులు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దమ్మా. మీరు రాసిన వాటిలో నేను ముఖ్యంగా గమనించింది ఆ బల్బునే. ఫ్యూజు పోగానే లావు తీగ చుట్టి మళ్లీ స్విచ్ వేసేవారు చాలామంది ఉంటారు. మీ అబ్బాయి ఆగి, సిరీస్ బోర్డు కట్టుకున్నాడు. మెయిన్స్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో కలిపితే, లోపల షార్టు ఉన్నప్పుడు అది నిండుగా వెలుగుతూ కరెంటును అదుపులో ఉంచుతుంది. లోపం లేకుంటే ఫిల్టర్ కెపాసిటర్లు (విద్యుత్ చార్జిని నిలవ ఉంచుకునే భాగాలు) చార్జి అయ్యేంతసేపు వెలిగి మసకబారుతుంది. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు.

అయితే ఆ బల్బు ఆంప్లిఫయర్‌ను కాపాడుతుందే కానీ మనిషిని షాక్ నుంచి కాపాడదు. అందుచేత ఇంట్లో మరొకరు లేనప్పుడు మూత తీసిన సెట్‌కు స్విచ్ వేయకూడదని, బోర్డుకు సరైన ఎర్తింగ్ ఉండాలని మీరు గట్టిగా చెప్పండి. ప్లగ్గు పీకిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయకుండా, తగినంత వాటేజి ఉన్న రెసిస్టర్ ద్వారా దించి, మీటరుతో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే చేయి పెట్టాలి. ఒకవేళ అది ట్రాన్సిస్టర్లది కాక వాల్వుల (గాజు గొట్టాల) సెట్ అయితే లోపల 400 వోల్టులకు పైగా ఉండవచ్చు కనుక, అనుభవజ్ఞుడు పక్కన లేకుండా ముట్టుకోనివ్వవద్దు.

ఇక అతని ప్రతిభను, సెట్ మోగిందా లేదా అన్నదాన్ని బట్టి కొలవకండి. మోగించే ముందు ఏమేమి కొలిచాడో అడగండి. స్పీకరు తగిలించక ముందే అవుట్‌పుట్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ చూడాలి. అది కొన్ని పదుల మిల్లీవోల్టుల్లో ఉంటే ఫరవాలేదు, వోల్టుల్లో ఉంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో ఒకటి షార్టయి ఉండవచ్చు. అప్పుడు స్పీకరు కలిపితే కాయిల్ కాలిపోతుంది. ఇదంతా సరిగా ఉంటే, సిరీస్ బల్బు తీసేసి, స్పీకరుకు బదులు 8 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టి, ఫోన్ నుంచి 200 హెర్ట్జ్ టోన్ ఇచ్చి ఏసీ వోల్టేజీ కొలవవచ్చు. (మామూలు మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర తప్పు చూపుతాయి కనుక 1000 హెర్ట్జ్ కన్నా ఇదే మేలు.) అక్కడ 20 వోల్టులు వస్తే, వర్గం చేసి 8తో భాగిస్తే 50 వాట్లు. ఈ లెక్కను పరీక్ష కోసం బట్టీ పట్టిన విద్యార్థికీ, వేడెక్కిన రెసిస్టర్ పక్కన కూర్చుని వేసుకున్న విద్యార్థికీ ఇంటర్వ్యూలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ప్రతి కొలతనూ తేదీతో ఒక నోటుపుస్తకంలో రాయించండి.

వాళ్ల నాన్నగారి దిగులులో కొంత నిజం ఉంది. ఇప్పటి ఆడియో సెట్లలో చాలావరకు బోర్డునే మార్చేస్తున్నారు కాబట్టి, కేవలం ఆంప్లిఫయర్ల రిపేరు మీద బతుకు సాగించడం కష్టం. కానీ లోపం ఎక్కడుందో వరుసగా వెతికి పట్టే ఇదే పద్ధతి ఆసుపత్రి పరికరాలు, యూపీఎస్‌లు, విద్యుత్ వాహనాల చార్జర్ల సర్వీసింగులో అక్కరకు వస్తుంది; మీకు దగ్గరలోని కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్డు వంటి చోట్ల కూడా పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవారి అవసరం ఉంటుంది.

డిప్లొమా తరువాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. మొత్తం 200 మార్కుల్లో 100 బ్రాంచి సబ్జెక్టుకే. మిగిలినవి గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 25. ప్రయోగాల మీదే మనసు పెడితే గణితంలో వెనకబడవచ్చు కనుక, రోజూ ఒక గంట దానికి కేటాయించాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాలన్న షరతు పెట్టండి. వరంగల్ ఎన్ఐటీలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ద్వారా భర్తీ అవుతాయి, ఈసెట్‌తో రావు. అక్కడే చదవాలన్న కోరిక ఉంటే బీటెక్ అయ్యాక గేట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంటెక్‌కు ప్రయత్నించవచ్చు. ముందు ఉద్యోగానుభవం కావాలనుకుంటే, డిప్లొమా పూర్తయిన వెంటనే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద ఏడాది అప్రెంటిస్‌గా చేరడానికి దరఖాస్తు చేయవచ్చు.

ఆసిలోస్కోప్ (విద్యుత్ తరంగాన్ని తెర మీద చూపే పరికరం) కొనమని అడిగితే ఇప్పుడే కొనవద్దు. మంచి మల్టీమీటరు చాలు. ఆంప్లిఫయర్ నిలకడగా పనిచేస్తున్నదని తేలాక, ఆ నోటుపుస్తకం తీసుకుని కాలేజీ ల్యాబ్ అధ్యాపకులను కలిసి, అక్కడి ఆసిలోస్కోప్ మీద శబ్దం పెంచేకొద్దీ తరంగం కొసలు ఎక్కడ తెగుతున్నాయో చూసుకునేందుకు అనుమతి అడగమనండి.