మీటర్ల వెనుక చీకటికి బల్బును నిందించకండి

పాత కారులో హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి, డ్యాష్‌బోర్డు మీటర్ల బల్బులన్నీ మార్చాను, అయినా రాత్రిపూట ముల్లు ఎక్కడుందో కనబడటం లేదు, ఎల్‌ఈడీలు వేస్తే సమస్య తీరుతుందా అని ఒకరు అడిగారు. తీరదు. నాలుగైదు బల్బులు కూడబలుక్కుని ఒకే రాత్రి చనిపోవు కదా! అన్నీ కలిసి మసకబారాయంటే లోపం వాటికి కరెంటు వచ్చే దారిలోనో, తిరిగి వెళ్లే దారిలోనో ఉంటుంది. నన్నడిగితే పదింట ఎనిమిదిసార్లు తిరిగి వెళ్లే దారిలోనే, అంటే బాడీ ఇనుము మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు చేర్చే ఎర్త్‌లోనే.

హెడ్‌లైట్లు వెలుగుతున్నాయన్న మాట ఇక్కడ దేనికీ పనికిరాదు. చాలా పాత వాహనాల్లో మీటర్ల లైట్లు పార్కింగ్ లైట్లతో, నంబర్ ప్లేటు దీపంతో కలిసి నడుస్తాయి. హెడ్‌లైట్ల ఫ్యూజు వేరు. కాబట్టి ముందు స్విచ్ వేసి, కిందికి దిగి, వెనక్కు వెళ్లి చూడండి. వెనుక ఎర్ర దీపాలు కూడా లేకపోతే ఫ్యూజు చూసుకోవాలి. అవి వెలుగుతూ మీటర్లు మాత్రమే చీకట్లో ఉంటే, వాటి వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్‌ను అనుమానించండి.

పాత డిమ్మర్ అంటే తీగ చుట్టిన రెసిస్టరు, దాని మీద జరిగే ఒక రేకు, అంతే. ఏళ్ల తరబడి ఎవరూ తిప్పకపోతే ఆ రేకు కింద చిలుము పడుతుంది. లైట్లు వేసి ఉంచి ఈ చివరి నుంచి ఆ చివరికి పదేపదే తిప్పండి. మధ్యలో ఎక్కడైనా తళుక్కుమన్నాయంటే దొంగ దొరికినట్లే. కొన్నిట్లో బాగా తగ్గిస్తే లైట్లు పూర్తిగా ఆరిపోతాయి. డ్యాష్‌బోర్డు తుడిచేటప్పుడు గుడ్డ తగిలి అది తిరిగి ఉంటే, దాని కోసం బోర్డంతా విప్పేవాళ్లున్నారు!

ఇక నా కారు సంగతి. పాతది కొన్న కొత్తలో ఇవే లక్షణాలు. పైగా లైట్ల స్విచ్ వేయగానే పెట్రోలు ముల్లు, ఇంజిను వేడి చూపించే ముల్లు రెండూ కలిసి పైకి లేచేవి. ఎలక్ట్రీషియన్ బల్బులు మార్చాడు, ఫలితం లేదు. "మీటర్ బోర్డు మొత్తం పోయిందండీ, మార్చేయాలి" అన్నాడు. వోల్టేజి కొలిచే మల్టీమీటరు పెట్టి ఒక్క వైరు కూడా చూడలేదు. కొలవకుండా మార్చడమే పని అనుకునేవాళ్లతో నాకు పడదు, కారు తెచ్చేసుకున్నాను.

చీకటి పడ్డాక మా తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టి, నేను డ్యాష్‌బోర్డు కింద దూరాను. లైట్లు వేయమన్నాను. "అన్నయ్యా, ఇండికేటర్ వేయకుండానే రెండు బాణాలూ మసకగా వెలుగుతున్నాయి" అన్నాడు. ఎడమ ఇండికేటర్ వేయమన్నాను. అది టిక్కుమన్నప్పుడల్లా మీటర్ల వెలుగు మరింత కుంగిపోతోందట. అక్కడితో నాకు అనుమానం తీరిపోయింది. మీటర్ బోర్డుకు సరైన ఎర్త్ లేదు. కరెంటు ఊరికే ఉండదు. తన దారి మూసుకుపోతే బాణం బల్బు గుండా బయటి ఇండికేటర్ దీపానికి వెళ్లి, అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. ముళ్లు లేవడానికీ ఇదే కారణం. ఆ కారులో పెట్రోలు, వేడి చూపించే రెండు గేజీలకూ కలిపి ఒక వోల్టేజి స్టెబిలైజరు ఉంది. దానికి ఎర్త్ అందకపోతే బ్యాటరీ వోల్టేజీని తగ్గించకుండా అలాగే పంపేస్తుంది, గేజీలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. సంబంధం లేని రెండు ముళ్లు ఒకేసారి తప్పు చెబుతుంటే, ముళ్లను కాదు, ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతకాలి.

మల్టీమీటరులో ఒక కొనను మీటర్ బోర్డు ఎర్త్ మీద, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాను. లైట్లు ఆర్పితే దాదాపు సున్నా. వేస్తే 3 వోల్టులకు పైగా. అక్కడ 0.2 వోల్టు దాటినా మంచిది కాదు. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పోతుంది. 12లో 3 పోతే సగం కూడా మిగలదు. మరో మాట, ఈ పరీక్షలన్నీ బల్బులు హోల్డర్లలో ఉండగా, లైట్లు వేసి ఉంచి చేయాలి. బల్బులు తీసేసి కొలిస్తే చిలుము పట్టిన జాయింటు కూడా నిండుగా 12 వోల్టులు చూపించి మనల్ని వెర్రివాళ్లను చేస్తుంది.

విడిగా ఒక వైరు తీసుకుని బోర్డు ఎర్త్ నుంచి శుభ్రమైన బాడీ ఇనుముకు తగిలించాను. మీటర్లు భగ్గుమని వెలిగాయి. మా తమ్ముడు మాత్రం "అన్నయ్యా, పెట్రోలు అయిపోయింది!" అని కంగారు పడ్డాడు. ముల్లు అప్పుడే నిజం చెప్పడం మొదలుపెట్టింది మరి.

అసలు ఎర్త్ స్క్రూ దొరికింది. ఎవరో పెయింటు వేసిన బ్రాకెట్ మీద బిగించి, దాని కిందే స్టీరియో నల్లవైరును కూడా ఇరికించారు. ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషరు వేసి బిగించాను. ఈ స్టీరియో బిగించేవాళ్లకు ఒక నమస్కారం. రేడియో అక్షరాలు వెలిగించే వైరు కూడా చాలా కార్లలో ఈ లైట్ల సర్క్యూటు నుంచే వస్తుంది. దాన్ని కోసి, కొనకు టేపు కూడా చుట్టకుండా వదిలేస్తారు. అది ఇనుముకు తగిలినప్పుడల్లా ఫ్యూజు పోతుంది. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయమని సలహా ఇచ్చే మహానుభావులు ఇంకొందరు. వేయకండి, ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

ఎర్త్ కూడా బాగుండి ఒక పక్క మాత్రమే చీకటిగా ఉంటే, బ్యాటరీ నెగటివ్ విప్పేసి, స్పీడోమీటర్ కేబుల్ ఊడదీసి, బోర్డు బయటికి తీయండి. బల్బు హోల్డర్లు పావువంతు తిప్పితే వస్తాయి. అవి ఆనుకునే పలుచటి రాగి పూత నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దండి. గట్టిగా రుద్దితే పూతే లేచిపోతుంది.

ఎల్‌ఈడీల మోజు ఇంకా ఉంటే వెలుతురు బల్బుల వరకే మార్చుకోండి. వాటికి ప్లస్ మైనస్ తేడా ఉంటుంది, తిప్పి పెడితే వెలగవు. పాత డిమ్మర్‌కు సరిగా తగ్గవు కూడా. బ్యాటరీ బొమ్మ ఉన్న హెచ్చరిక దీపాన్ని మాత్రం ముట్టుకోవద్దు. చాలా పాత కార్లలో బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కావలసిన కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఛార్జింగే మొదలుకాకపోవచ్చు. అప్పుడు మీరు ఇక్కడికే వచ్చి కొత్త బ్యాటరీ ఎందుకు దిగిపోతోందని అడుగుతారు.