వెన్నులో స్టిమ్యులేటర్: ప్లాటు బేరానికి పెట్టే ముందు తేదీలు చూడండి

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. నడుముకు రెండు ఆపరేషన్లు జరిగినా ఎడమ కాలి నొప్పి తగ్గలేదు. వెన్నుపాము దగ్గర స్టిమ్యులేటర్ (సన్నని కరెంటుతో నొప్పిని తగ్గించే పరికరం) అమర్చుకోవచ్చని హైదరాబాద్‌లో డాక్టరు చెప్పారు. ముందుగా చేసే ట్రయల్‌కు లక్షన్నర, అది ఫలిస్తే శాశ్వత అమరికకు తొమ్మిది లక్షలు అవుతుందన్నారు. కంపెనీ గ్రూప్ పాలసీ ఐదు లక్షలకు ఉంది, ఏటా ఏప్రిల్ 1న రెన్యువల్ అవుతుంది. మా సొంత ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి తీసుకున్న పాలసీ) ఇంకో ఐదు లక్షలు. పాత ఆపరేషన్ల సంగతి అందులో రాశాం, వచ్చే ఏప్రిల్ 10కి 36 నెలలు నిండుతాయి. ఎఫ్‌డీలో నాలుగు లక్షలున్నాయి. ప్లాటు అమ్మేయమంటారా? – ఒక పాఠకురాలు, హనుమకొండ (ఆగస్టు)

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీరు పదిన్నర లక్షలను ఒకే ఖర్చుగా లెక్క వేసుకున్నారు. ముందు దాన్ని రెండుగా విడదీయండి. ట్రయల్‌లో సన్నని తీగలను సూదితో వెన్నులోకి పంపి, కరెంటు ఇచ్చే పెట్టెను ఒంటి బయటే ఉంచి కొన్ని రోజులు చూస్తారు. నొప్పి కనీసం సగమైనా తగ్గితేనే సాధారణంగా శాశ్వత అమరికకు వెళతారు. తగ్గకపోతే తొమ్మిది లక్షల ప్రసక్తే రాదు, అమ్మిన ప్లాటు మాత్రం తిరిగి రాదు.

ఇది ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే చికిత్స గనుక, ఆ తేదీలోనే మీకు డబ్బు మిగులుతుంది. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలే. మీ ఫ్లోటర్ పాలసీ పత్రంలోనూ అలాగే ఉందో లేదో చూసుకోండి. ట్రయల్ మార్చి చివర్లో జరిగితే ఆ ఖర్చు గ్రూప్ పాలసీ పాత సంవత్సరంలో పడుతుంది. శాశ్వత అమరిక ఏప్రిల్ 10 దాటాక జరిగితే గ్రూప్‌లో కొత్త ఐదు లక్షలు, అవి చాలని చోట ఫ్లోటర్‌లోని ఐదు లక్షలు అక్కరకొస్తాయి. అయితే అంతకాలం ఆ నొప్పిని ఓర్చుకోమని చెప్పడం కాగితం మీద లెక్కలు వేసే నాకు సులువే; ఆగవచ్చో లేదో తేల్చవలసింది డాక్టరు, మీవారు. ఆగలేని పక్షంలో గ్రూప్ పాలసీ, ఎఫ్‌డీ పోగా తగ్గేది సుమారు లక్షన్నర. దానికి బంగారం మీద అప్పు చాలు.

క్లెయిమ్ దగ్గర రెండు మెలికలున్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రకటించిన పన్నెండు ఆధునిక చికిత్సల జాబితాలో మెదడులో అమర్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఉంది, వెన్నుపాము స్టిమ్యులేటర్ లేదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని టీపీఏ (బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే సంస్థ) వారు ఆ చికిత్సలకు పెట్టిన ఉప పరిమితిని (ఇంతకు మించి ఇవ్వమన్న హద్దును) దీనికీ వర్తింపజేస్తే, ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. రెండోది గది అద్దె. పరిమితికి మించిన గది తీసుకుంటే బిల్లులోని ఇతర ఖర్చుల్లో కోత పడవచ్చు గానీ, 2020 నాటి మార్గదర్శకాల ప్రకారం ఇంప్లాంట్ ధరకు ఆ కోత వర్తించదు. మీ బిల్లులో పెద్ద భాగం ఆ పరికరానిదే. బీమా సంస్థ వినకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

అంచనా ఇచ్చినవారిని ఆ తొమ్మిది లక్షలు ఏ బ్యాటరీకో అడగండి. చార్జింగ్ అక్కరలేనిది వాడకాన్ని బట్టి సాధారణంగా కొన్నేళ్లకే అయిపోతుంది, అప్పుడు మళ్లీ ఆపరేషన్ చేసి మార్చాలి. చార్జింగ్ చేసుకునేది ధర ఎక్కువైనా తొమ్మిది, పదేళ్లు వస్తుందని చెబుతారు. మీవారి వయసుకు నేనైతే రెండోదానికే మొగ్గు చూపుతాను. తర్వాతి మార్పిడి ఖర్చు కోసం అమర్చిన నెల నుంచే నెలకు మూడు వేలు విడిగా వేస్తే తొమ్మిదేళ్లకు వడ్డీ కాక అసలే 3.24 లక్షలవుతుంది.

డిశ్చార్జి నాడు పరికరం ఇన్‌వాయిస్, సీరియల్ నంబరున్న స్టిక్కర్ తప్పక తీసుకోండి. రెండో పాలసీలో క్లెయిమ్ చేసేటప్పుడు మొదటి సంస్థ ఇచ్చిన సెటిల్‌మెంట్ లేఖతో పాటు వీటినీ జతచేయాలి.