ధర అడిగే ముందు గుడ్డను తడిపి చూడండి

చెల్లెలి పెళ్లికి తాంబూలం సంచులను హనుమకొండలో ఇంట్లోనే అద్దకం చేసి కుట్టే ఒకావిడకు చెబుదామనుకుంటున్నారు, వరంగల్ చౌరస్తాలో దొరికే సంచికి రెట్టింపు ధర చెబుతున్నారు, ఇవ్వవచ్చా అని అడిగారు. తప్పకుండా ఇవ్వండి. మా గృహప్రవేశానికి మేమూ ఇలాగే చేయించాం. ఆ సంచులతో కూరగాయలకు వెళ్లే బంధువులు ఇప్పటికీ ఎదురవుతుంటారు.

ముందు ధర సంగతి. సగం ధరకు వచ్చే సంచి చాలాసార్లు గుడ్డలా కనిపించే ప్లాస్టిక్. దాన్ని నాన్ వోవెన్ అంటారు, పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే పలుచగా ఉన్నవాటిని 2021 సెప్టెంబర్ 30 నుంచి నిషేధించారు కూడా. నూలు గుడ్డ ధరను దాని ధరతో పోల్చడం న్యాయం కాదు.

అద్దకం ఆవిడే చేస్తారా, కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డ తెప్పించి కుడతారా అని అడగండి. రెండూ మంచివే, లెక్క వేరు. పెడన పద్ధతిలో బట్టను కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తర్వాత టేకు అచ్చులతో ఒక్కో రంగునూ విడిగా అద్దుతారు. నలుపు కోసం ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెడతారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, ఆ తర్వాత రంగులో ఉడకబెడతారు. ఇంత చాకిరీ ఉన్న గుడ్డ చవకగా ఎలా వస్తుంది? అదే పువ్వును స్క్రీన్‌తో ముద్రించి కలంకారీ అని అమ్మేవారూ ఉన్నారు. అచ్చు పక్కన అచ్చు పడిన చోటు చూడండి. చేతి అద్దకమైతే అక్కడ గీత వెంట్రుకవాసి జరిగి ఉంటుంది, ఒక పువ్వు ముదురుగా, పక్కది లేతగా పడుతుంది. వాటిని లోపాలుగా ఎంచకండి.

రంగు దిగితే మాత్రం ఒప్పుకోవద్దు. తడి తమలపాకులు పెట్టే సంచి అది, చుట్టాల పట్టుచీరలకు ఆనుకుని ఉంటుంది. నమూనా సంచి ఒకటి డబ్బులిచ్చి తెచ్చుకుని, తెల్ల గుడ్డను తడిపి అద్దకం మీద గట్టిగా రుద్దండి. బట్ట మీద పొరలా అంటుకునే పిగ్మెంట్ రంగులకు అద్దిన తర్వాత బాగా వేడి తగలాలి, లేకపోతే బట్టను పట్టుకోవు. ఇంట్లో పని చేసేవారు ఇస్త్రీ పెట్టెతో ఆ వేడి ఇస్తారు. హడావుడిలో ముందుగా తప్పిపోయే పని అదే కాబట్టి, చేస్తున్నారా అని నేరుగా అడగండి. కోరా బట్టను కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టారా అన్నదీ అడగండి.

కొబ్బరికాయ బరువంతా పట్టీల మీదే పడుతుంది. పట్టీ చివర నలుచదరంగా కుట్టి, లోపల మూల నుంచి మూలకు కుట్టు వేయించండి.

ఖర్చు తగ్గాలంటే కూలి కోయకండి, రంగులు తగ్గించండి. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, మళ్లీ ఆరబెట్టడం. ముదురు ఎరుపు ఒక్కటే వేసినా కోరా బట్ట మీద ఎంతో నిండుగా ఉంటుంది. కొత్త అచ్చు చెక్కించకుండా ఆవిడ దగ్గర ఉన్నవాటిలోంచే ఎంచుకోండి. వధూవరుల పేర్లు పైన పెద్దగా వేయించడం నాకు నచ్చదు. పేర్లున్న సంచిని బజారుకు ఎవరూ పట్టుకెళ్లరు, అది బీరువాలోనే ఉండిపోతుంది. అంతగా కావాలంటే లోపలి వైపు చిన్న గుడ్డముక్క మీద వేయించండి.

బరువులకు ఏళ్ల తరబడి వాడుకునే సంచి కావాలంటే మన వరంగల్ కొత్తవాడ దర్రీ (జంపఖానా) గుడ్డతో కుట్టించుకోండి. తాంబూలానికి అది మరీ మందం.

ముసురు పట్టిన రోజుల్లో అద్దకం ఆరదు, బతుకమ్మ, దసరా ముందు ఆవిడకు తీరికా ఉండదు. అందుకని గడువు కాస్త ఎక్కువే ఇవ్వండి. సగం డబ్బు ముందే ఇస్తే గుడ్డ కొనడానికి ఆవిడ అప్పు చేయనక్కరలేదు. మిగతా సగం సంచులు లెక్క చూసుకున్న రోజే చేతిలో పెట్టండి.