కార్క్‌లో కొత్తగా దిగారా? ముందు కోవ్ రైలెక్కండి

ప్రశ్న: అక్కా, నేను ఐర్లండులోని కార్క్‌లో నర్సుగా చేరి ఆరు నెలలైంది. అందరూ బాగానే పలకరిస్తారు కానీ మాట వాన, చలి దాటి ముందుకు పోదు. మొన్న భోజనాల దగ్గర బంగాళదుంపల మీద ఏదో సరదాగా అన్నాను. బల్ల దగ్గరున్న వాళ్ళంతా గమ్మున అయిపోయారు. నేనేం తప్పు మాట్లాడాను?

జవాబు: తెలియక అన్నావు చెల్లెమ్మా, దానికి కుమిలిపోకు. కానీ వాళ్ళెందుకు గమ్మున అయ్యారో మాత్రం తెలుసుకో. నేనూ ఇక్కడికొచ్చిన మూడేళ్ళకి గానీ తెలుసుకోలేదు. ఆ మూడేళ్ళూ పోగొట్టుకున్నట్టే అనిపిస్తుంది.

1845లో ఇక్కడి బంగాళదుంప పంటకి తెగులు పట్టింది. కౌలు చేసుకునే పేదలకు ఏడాదంతా అదే తిండి. నిన్న పచ్చగా ఉన్న చేను నల్లబడి కుళ్ళిపోయేది. ఏడేళ్ళలో సుమారు పది లక్షల మంది ఆకలికీ జ్వరాలకీ పోయారు. ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. ఆ రోజుల్లోనే రేవుల నుంచి ధాన్యం, వెన్న ఇంగ్లండుకి పోతూనే ఉన్నాయి. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ వీళ్ళ గొంతు మారుతుంది. 1841లో ఈ ద్వీపం జనాభా 80 లక్షలు దాటి ఉండేది. నేటికీ ఆ లెక్కకి చేరలేదు.

మన కార్క్ జిల్లాలోనే పడమరగా స్కిబరీన్ అనే ఊరుంది. ఆ ఊరి పక్కన ఆబీస్ట్రూరీ శ్మశానంలో ఒక పచ్చిక మడి కనిపిస్తుంది. చుట్టుపక్కల సమాధులకి రాళ్ళున్నాయి, పేర్లున్నాయి. ఆ మడికి లేవు. దాని కింద ఎనిమిది నుంచి పదివేల మంది ఉన్నారని చెబుతారు. నేను వెళ్ళిన రోజు సన్నగా జల్లు పడుతోంది, ఒక పెద్దాయన టోపీ తీసి నిలబడి ఉన్నాడు. మా గుంటూరు వైపు 1832-33లో వచ్చిన డొక్కల కరువు గుర్తొచ్చింది. దాని మీద ఎవరైనా నవ్వులాడితే మనకెలా ఉంటుంది? మీ బల్ల దగ్గర జరిగిందీ అదే.

ఇక కోవ్ రేవు. మన కార్క్ కెంట్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట కూడా పట్టదు. 1848 నుంచి 1950 దాకా ఆ రేవు నుంచి దాదాపు 25 లక్షల మంది దేశం విడిచారు. టైటానిక్ చివరిసారి ఆగింది కూడా అక్కడే, 1912 ఏప్రిల్ 11న. అందరూ దాన్ని చూడడానికే వెళతారు, నువ్వు మాత్రం ఒడ్డున ఉన్న ఆనీ మూర్ విగ్రహం దగ్గర కాసేపు ఆగు. పక్కన ఇద్దరు తమ్ముళ్ళుంటారు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్ళని నమోదు చేసే ఎల్లిస్ ద్వీపం కేంద్రం తెరిచినప్పుడు మొదట అడుగుపెట్టింది ఆ పిల్లే.

ఆ రోజుల్లో పిల్లలు అమెరికా వెళ్ళే ముందు రాత్రి ఇంట్లో 'అమెరికన్ వేక్' చేసేవాళ్ళు. వేక్ అంటే శవం దగ్గర అందరూ కూడి రాత్రంతా మేలుకుని ఉండడం. బతికున్న పిల్లకే అది చేసేవాళ్ళు, మళ్ళీ చూస్తామన్న ఆశ లేదు కాబట్టి. పాటలు పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు, తెల్లారాక ఏడ్చేవాళ్ళు. శంషాబాద్‌లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ దృశ్యం మన అందరికీ ఉంది కదా. ఆ సంగతి ఇక్కడి వాళ్ళకి చెప్పి చూడు, మాట వాన దగ్గర ఆగదు.

అన్నట్టు, 1913లో డబ్లిన్‌కి లా చదవడానికి వచ్చిన వి.వి. గిరి గారు మన తెలుగువారే. ఐరిష్ స్వాతంత్ర్య వీరులతో సంబంధాలున్నాయని 1916లో దేశం వదిలి పొమ్మన్నారు. తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు. ఇక్కడి పెద్దవాళ్ళతో ఈ మాట అంటే కళ్ళు పెద్దవవుతాయి. బదులుగా వాళ్ళు కార్క్ మేయర్ టెరెన్స్ మక్‌స్వీనీ గురించి చెబుతారు. 1920లో లండన్ జైల్లో 74 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచినాయన.

ఇంకొక్క చోటు. ఇది నీకు మరీ ముఖ్యం. 1985 జూన్ 23న ఎయిరిండియా 182 విమానం బాంబు పేలి ఈ తీరానికి దూరంగా సముద్రంలో కూలింది. 329 మంది పోయారు, ఎక్కువమంది కెనడాలో స్థిరపడ్డ మనవాళ్ళే. దొరికిన 131 దేహాలను కార్క్ ఆసుపత్రికే తెచ్చారు, ఇప్పుడు కార్క్ యూనివర్సిటీ ఆసుపత్రి అంటున్నామే, అదే. అయినవాళ్ళని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలను ఊరివాళ్ళు కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. అహకిస్టా అనే చిన్న ఊళ్ళో సముద్రం ఒడ్డున ఒక నీడగడియారం కట్టారు, పక్క గోడ మీద పేర్లు చెక్కారు. ఆ పేర్ల మీద వేలు పెట్టి చదువుతుంటే మన బంధువుల పెళ్ళి శుభలేఖలో పేర్లు చదువుతున్నట్టే ఉంటుంది. ఏటా ఆ తేదీన పొద్దున్నే ఊరివాళ్ళు వచ్చి నిలబడతారు. వాళ్ళలో చాలామందికి ఆ 329 మందిలో ఒక్కరూ తెలియదు.

మీ దగ్గర రిటైరవబోతున్న నర్సులెవరైనా ఉంటే 1985 గురించి మెల్లగా అడుగు. చెబితే మధ్యలో మాట్లాడకుండా విను. కోవ్‌కి ఈ ఆదివారమే ఒక్కదానివీ వెళ్ళొచ్చు. అహకిస్టాకి మాత్రం కారుండాలి. జూన్ 23కి సెలవు పెట్టుకో, మేమెలాగూ వెళుతున్నాం, వెనక సీటు ఖాళీ. గాలి కోసేస్తుంది, జూనే కదా అని పల్చటి చున్నీతో రాకు.