నమ్మలేనిదాన్ని లెక్కగా చెప్పు

తిరుపతి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ మీ అవ్వ చెప్పే కథలను ‘పుక్కిటి పురాణాలు’ అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ముద్దుగా అన్నాననుకున్నావు. అది నమ్మనివాళ్లు కొట్టిపారేసేటప్పుడు అనే మాట. ఒడిలో కూర్చుని ఊ కొట్టిన పిల్ల నోట ఎలా వస్తుంది?

ఆ పేజీలోనే ‘నమ్మశక్యం కాని’ నాలుగు చోట్ల ఉంది. నమ్మాలో వద్దో తేల్చుకోవలసింది పాఠకుడు. తీర్పు ముందే నువ్వు చెప్పేస్తే అతనికి ఇక పనేముంది?

కాణిపాకం స్థలపురాణం చెప్పేవాళ్లను గమనించు. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు బావి తవ్వుతుంటే పార రాయికి తగిలింది, నెత్తురు చిమ్మింది, నీళ్లు ఎర్రబడ్డాయి, ముగ్గురూ బాగయ్యారు. జనం కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి మేర పారాయి. కాణి అంటే దాదాపు ఎకరం పావు. ‘అద్భుతం’ అని ఎవరైనా అన్నారా? ఉన్నవల్లా పార, బావి, నేల కొలత. ఎంత నమ్మరానిదైతే అంత లెక్కగా చెప్పాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

‘విడ్డూరం’లో మూతివిరుపు ఉంది. ‘చోద్యం చూస్తున్నావా’ అంటే పని మానేసి నిలబడ్డవాడి మీద విసురు. ‘వింత’ ఎవరి పక్షమూ కాదు. వీటిని పాత్రల చేత అనిపించు, నువ్వు అనకు. నా కథలో కోడలు పొద్దెక్కి లేచిందని అత్తగారు ‘ఇదేం విడ్డూరమమ్మా’ అంటే, ఒక వారపత్రిక సంపాదకుడు ‘ఇదేం అద్భుతమమ్మా’ అని దిద్ది అచ్చు వేశాడు. దెప్పిన అత్త మెచ్చుకున్నట్టయింది! ఆ పత్రికకు మళ్లీ కథ పంపలేదు. ఇప్పుడు టీవీలో రాగి సంగటీ అద్భుతమే, చీర అంచూ అద్భుతమే. నవరసాల్లో ఒకదానికి పట్టిన గతి ఇది.

తిరుమల శిలాతోరణం దగ్గర నీ కథానాయిక ‘నమ్మశక్యం కాని దృశ్యం’ చూసిందట. ఏం చూసింది? వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. ఉలి పట్టినవాడు లేడు, గాలీ నీరూ తొలిచిన రాయి. ఆ సందులోంచి ఆమెకు ఆకాశం ఎంత కనబడిందో రాయి.

చింతపండులో గింజలు తీస్తున్న అవ్వ చేతులు, నెత్తురు మాట రాగానే ఆగాయన్న వాక్యం మాత్రం ఎవరు తీసేయమన్నా తీయకు.

కలం పేరు, పోటీల సంగతి తర్వాత. తిరగరాసింది దీపావళి లోపే పంపు, ఆపైన కంటి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్లు చదవలేను.