పేటెంట్ కేసు పడింది, షేరు అమ్మేయాలా?

ప్రశ్న: నా పొదుపులో మూడో వంతు ఒకే పెద్ద టెక్ కంపెనీ షేర్లలో ఉంది. ఈ మధ్య పోటీ కంపెనీ దాని మీద పేటెంట్ ఉల్లంఘన కేసు వేసింది. అప్పటి నుంచీ ఒకటే టెన్షన్. అమ్మేయమంటారా? మరోపక్క, జ్యూరీ తీర్పులో భారీ పరిహారం గెలిచిన ఓ చిన్న పేటెంట్ కంపెనీ షేరు కొనమని స్నేహితుడు పట్టుబడుతున్నాడు.

జవాబు: మీకు నిద్ర పట్టనివ్వనిది కేసు కాదు, ఆ మూడో వంతు. దాని సంగతి తర్వాత చెప్తాను.

2012 ఆగస్టు 24, శుక్రవారం. యాపిల్ వేసిన పేటెంట్ కేసులో శాంసంగ్ సుమారు 105 కోట్ల డాలర్లు కట్టాలని కాలిఫోర్నియాలో జ్యూరీ తేల్చింది. సోమవారం సియోల్‌లో శాంసంగ్ షేరు 7 శాతానికి పైగా పడింది. ఆవిరైన మార్కెట్ విలువ దాదాపు 1,200 కోట్ల డాలర్లు, అంటే జ్యూరీ వేసిన దానికి పదకొండు రెట్లు! అదే ఏడాది డిసెంబరులో ఆ షేరు కొత్త గరిష్ఠాన్ని తాకింది. కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, మళ్లీ జ్యూరీ ముందుకొచ్చి, పరిహారం 53.9 కోట్ల డాలర్లకు తగ్గి, 2018లో రాజీతో ముగిసింది.

కాబట్టి మీ కంపెనీ కేసులో ముందు చూడాల్సింది, అవతలివాళ్లు డబ్బు అడుగుతున్నారా, అమ్మకాలు ఆపమంటున్నారా అని. పెద్ద కంపెనీకి డబ్బు కట్టడం చికాకే గానీ ప్రాణాపాయం కాదు. నిషేధం వేరు. ఉల్లంఘన రుజువైనంత మాత్రాన నిషేధం దానంతట అదే రాదని అమెరికా సుప్రీంకోర్టు 2006లో ఈబే కేసులో చెప్పింది. అయినా దిగుమతులు ఆపించే అమెరికా ప్రభుత్వ సంస్థ, అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ దారి ఒకటుంది. 2023లో వైద్య పరికరాల కంపెనీ మాసిమో ఫిర్యాదుపై యాపిల్ వాచీలకు దెబ్బ తగిలింది అక్కడే. రక్తంలో ఆక్సిజన్ కొలిచే సదుపాయం తీసేసి యాపిల్ అమ్మకాలు కొనసాగించింది. దాని ఆదాయంలో వాచీల వాటా చిన్నది. ఒకే వస్తువు మీద బతికే కంపెనీ అయితే కథ వేరేలా ఉండేది. మీ కంపెనీ వార్షిక నివేదికలో కోర్టు వ్యవహారాల భాగం తెరిచి, కేసులో ఉన్న వస్తువు నుంచి ఎంత ఆదాయం వస్తోందో, నష్టానికి ముందే కేటాయింపు చేశారో లేదో చూడండి. అరగంట పని. టీవీ చర్చల కన్నా నయం.

రాజీ వార్త ముందే పసిగట్టి లాభపడదామనుకుంటే మాత్రం వదిలేయండి. యాపిల్, ఫోన్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ తమ పేటెంట్ తగాదాలో 2019 ఏప్రిల్ 16న, కోర్టులో లాయర్లు వాదనలు మొదలుపెట్టిన రోజే, రాజీ ప్రకటించాయి. క్వాల్‌కామ్ షేరు ఆ ఒక్క రోజులో 23 శాతం ఎగిరింది.

ఇక మీ స్నేహితుడి సలహా. జ్యూరీ తీర్పు బ్యాంకులో పడిన డబ్బు కాదు. విర్నెట్‌ఎక్స్ అనే చిన్న కంపెనీ 2010లో యాపిల్‌పై వేసిన కేసులో 45.4 కోట్ల డాలర్లు అందుకుంది, కానీ 2020లో. అదే ఏడాది మరో కేసులో జ్యూరీ 50.28 కోట్లు ఇప్పించింది. పేటెంట్ కార్యాలయ బోర్డు ఆ పేటెంట్లు చెల్లవనడంతో 2023లో అప్పీలు కోర్టు తీర్పును కొట్టేసింది. ఈ రెండో కేసులో చేతికొచ్చింది సున్నా. చేతికొచ్చినా కంపెనీ నిలబడుతుందన్న భరోసా లేదు: పేటెంట్ కేసు గెలిచి కొడాక్‌ను ఇన్‌స్టంట్ కెమెరాల వ్యాపారం నుంచే వెళ్లగొట్టి, 1991లో 92.5 కోట్ల డాలర్లు రాబట్టిన పోలరాయిడ్ 2001లో దివాలా పిటిషన్ వేసింది. ఆ చిన్న కంపెనీ షేరు కొనకండి.

మీ మూడో వంతును మాత్రం కేసు ఎటుపోయినా తగ్గించాల్సిందే. ఒక్క కంపెనీలో పదో వంతు మించి ఉండటం నాకు నచ్చదు. ఒకేసారి కాకుండా, మూడు నెలలకోసారి కొంత చొప్పున అమ్మి, ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లోకి, అంటే మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో కొంత కొంత పెట్టే ఫండ్‌లోకి, మళ్లించండి. మొదటి విడత అమ్మే ముందు, లాభం మీద పన్ను ఎంత పడుతుందో మీ ఆడిటర్‌తో లెక్క వేయించుకోండి.