మలావీకి వెళ్తున్న అమ్మాయికి: చేతిపంపు పదేళ్లు నడవాలంటే

చిరంజీవి సౌజన్యకు ఆశీస్సులు.

ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో మంచినీటి పనికి వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. బోరు లారీ ఊళ్లోకి రాకముందే పంపు చూసుకునే ఊరి కమిటీ, డబ్బు, స్థలం ఈ మూడూ తేలిపోవాలి. నీళ్లు పడ్డాక చందా మాట ఎవరి చెవికీ ఎక్కదు.

పంపు ఎక్కడ ఉండాలో ఆడవాళ్లను అడుగు, బిందె మోసేది వాళ్లే. స్థలం ఊరందరిదని ఊరిపెద్ద ఎదుట కాగితం రాయించు, లేకపోతే ఏదో ఒకరోజు ఆ నేలగలాయన కంచె వేస్తాడు. పంపుకు 250 మంది అన్నది అక్కడి లెక్క. అంతకు మించితే బుష్షులు, అంటే పిడి కదిలే చోట ఉండే బేరింగులు, త్వరగా అరుగుతాయి.

అక్కడ ఎక్కువగా కనిపించేది ఆఫ్రిదేవ్ పంపు. 45 మీటర్ల లోతు దాకా పనిచేస్తుంది. మన మార్క్-2 బోరింగులో లోపలి వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. దీనికి ఆ బాధ లేదు. ఒక్క స్పానరుతో తల విప్పి, రాడ్లు ఒక్కొక్కటే తీస్తే ప్లంజరు, అంటే నీళ్లను పైకి ఎత్తే పిస్టన్, చేతికొస్తుంది. బిగించిన రోజే కమిటీలోని ఆడవాళ్ల చేత మొత్తం విప్పించి మళ్లీ బిగించే దాకా చేయించు. నువ్వు స్పానరు ముట్టుకోవద్దు.

ప్లంజరుకుండే రబ్బరు వాషరును యూ-సీలు అంటారు. అది పాడైనా కాకపోయినా ఏడాదికోసారి మార్చాలి. పంపును అరగంట వదిలేసి కొట్టి చూడండి. ఐదు దెబ్బలు దాటినా నీళ్లు రాలేదంటే ఫుట్‌వాల్వు (నీళ్లు కిందికి జారకుండా అడుగున ఆపే కవాటం) ఓ-రింగో, అంటే దాని రబ్బరు రింగో, పైపు అతుకో కారుతోంది. 20 లీటర్ల బకెట్టు ఎన్ని దెబ్బలకు నిండుతుందో మొదటిరోజే పుస్తకంలో రాయించు. ఆ సంఖ్య పెరుగుతుంటే సీలు అరిగినట్టే.

ఇక డబ్బు. పంపులు మూలపడేది ఎక్కువగా ఇక్కడే. నెలనెలా వసూలు అని పెట్టకు. జనవరి నుంచి మార్చి దాకా ఇళ్లలో మొక్కజొన్న నిండుకుంటుంది, అప్పుడు అడిగితే కమిటీ మీదే కోపం వస్తుంది. ఏప్రిల్, మే కోతలయ్యాక ఏడాది చందా ఒక్కసారే తీసుకోండి, వేరుశనగ రూపంలో ఇచ్చినా సరే. వసూలైనదంతా నోట్లుగా దాచొద్దు. 2023 నవంబరులో అక్కడి డబ్బు క్వాచా విలువ ఒక్కసారిగా తగ్గించారు, పెట్టెలోని డబ్బు ఉన్నచోటే చిక్కిపోయింది. సీళ్లు, బుష్షులు, ఓ-రింగులు ముందే కొని ఎండ తగలని చోట పెట్టించు. మిగిలింది ఊరి పొదుపు సంఘంలో వేస్తే మంచిదే, కానీ ఏడాది చివర పంచుకునే దాకా చేతికి రాదు. అత్యవసరానికి కొంత విడిగా ఉండాలి. పెట్టె తాళం ఒకరి దగ్గర, పెట్టె మరొకరింట్లో.

పొద్దున మొదటి నీళ్లు ఎర్రగా వచ్చి, కొట్టేకొద్దీ తేరుకుంటే తుప్పు రాడ్లదే, భూమిది కాదు. స్టెయిన్‌లెస్ రాడ్లు వేయించు. ఖర్చని వదిలేస్తే ఆ రుచికి జనం మళ్లీ వాగునీళ్లకే వెళ్తారు.

నువ్వు ఊరు వదిలే ముందు కోశాధికారిని వెంటబెట్టుకుని సంతలోని విడిభాగాల కొట్టుకు వెళ్లు. ఒక సీలు తన చేతులతో, ఊరి డబ్బుతో కొననీ. రసీదు పుస్తకంలో అంటించాక బయల్దేరు.

మీ పెదనాన్న